మధ్యాహ్నప్పూట ఒక్క రింగు

ఎనభై ఆరు వరద తరవాత మళ్ళీ అంత నీరు గోదారి మధ్య మా లంకల మీదికొచ్చిన ఏడు అది. ఆషాఢంలో వచ్చింది. మా ఇల్లు గట్టుకి ఏటివైపు ఉంటుంది. ఇంట్లోకి మొలలోతు నీళ్ళొచ్చాయి. అందరం గట్టెక్కాం. నా భార్య పాపాయి నెత్తిన కోళ్ళగంప పెట్టుకుని నీళ్ళలో నడిచొస్తుంటే రొంటిని దోపుకున్న ఫోను జారిపోయింది. మా అబ్బాయి ఉదయభాస్కర్ పైనుంచి అరుస్తున్నాడు. ఆమె వినిపించుకోలేదు. గంప నెత్తిన ఉండగానే కాళ్ళతో తడిమి తడిమి, ఫోను దొరికించుకునే పైకొచ్చింది.

గట్టు మీద టార్పాలిన్ కింద ఉన్నన్నాళ్ళూ ఆ ఫోనుని వరదసాయం బియ్యంలో పూడ్చిపెట్టింది. బియ్యం తడి లాగేస్తాయని ఎవరో చెప్పారు. బియ్యం అయిపోయాయి గానీ ఫోను వెలగలేదు.

"పోతే పోయిందిలే," అన్నాను.

"మీకేమండీ, మీది జేబులో భద్రంగా ఉంది," అంది.

ఆ చిన్న బటన్ల ఫోను మీద ఆమెకి అంత బెంగ ఎందుకో ఇంట్లో ఎవరికీ తెలీదు. నాకు తెలుసు.

నేను మాటలు తక్కువ మనిషిని. మూడో తరగతితో బడి మానేశాక లంకలోనే నా బతుకంతా. పొద్దున్నే పడవెక్కి పాయ దాటితే మళ్ళీ పొద్దుగూకే వేళకి రావడం. ఫోనులో మాటకి డబ్బులు పడే రోజుల్లో లంక రైతులందరం రింగుల మీదే బతికాం. మోగించి కట్ చేస్తే ఖర్చు లేదు. ఏ ఇంటి లెక్క ఆ ఇంటిది. మా ఇంట్లో రెండు రింగులంటే రాత్రికి అన్నం అయింది, పడవెక్కమని. మూడంటే ఇంటికెవరో వచ్చారని. ఆగకుండా మోగిందంటే కొంప మునిగిందన్నమాట, అది మాత్రం ఎత్తాలి.

ఒక్క రింగుకి అర్థం లేదు. మధ్యాహ్నం అంట్లు తోముకుని, కాసేపు నడుం వాల్చి లేచాక పాపాయి ఒక్క రింగిచ్చేది. నేను పార పక్కన పెట్టి, చెయ్యి పంచెకి తుడుచుకుని, ఒక్కటి తిరిగిచ్చేవాణ్ణి. అంతే. దాని గురించి మేమెప్పుడూ మాట్లాడుకోలేదు. ఒక ఏడు పక్క లంకలో పాము కరిచి ఒకాయన సాయంత్రం దాకా ఎవరికీ తెలియకుండా చేలోనే పడి ఉన్నాడు. బహుశా ఆ మర్నాటి నుంచే మొదలైంది. ఉన్నారా అని ఆమె అడిగేది, ఉన్నానని నేను చెప్పేవాణ్ణి. ఆ ఒక్క రింగు అయ్యాక సాయంత్రం దాకా పని తేలిగ్గా సాగేది.

నీళ్ళు తీశాయి. ఇంట్లో ఒండ్రు ఎత్తిపోసుకున్నాం, గోడలకి సున్నం కొట్టుకున్నాం. అప్పుడు ఉదయభాస్కర్ వాళ్ళమ్మకి ఫోను తెచ్చిచ్చాడు. తెచ్చాడంటే ఆమెకని కొనలేదు. కొన్నది మా మనవరాలు దుర్గాశ్రీకి, కాలేజీలో చేరిందని. దుర్గాశ్రీది వాళ్ళమ్మకి, అంటే మా కోడలు నాగదుర్గకెళ్ళింది. వాళ్ళమ్మది పాపాయికొచ్చింది. మా చిన్నతనంలో చొక్కాలు పెద్దవాళ్ళవి చిన్నవాళ్ళకొచ్చేవి. ఫోన్లు చిన్నవాళ్ళవి పెద్దవాళ్ళకొస్తాయి. ఒక్కరు కొత్తది కొంటే ఇంట్లో అందరి చేతిలోనూ ఫోను మారిపోతుంది. ఇక వారం రోజులు ఒకళ్ళ నంబర్లు ఒకళ్ళు వెతుక్కోవడం, ఇది ఎక్కడ నొక్కాలి, అది ఎటు లాగాలి అని ఒకళ్ళనొకళ్ళు అడుక్కోవడం.

"నాన్నా, నీకూ ఒకటి చూస్తాను. నీది తీసుకెళ్ళి మ్యూజియంలో పెట్టాలి," అన్నాడు ఉదయభాస్కర్.

"మోగుతుందిగా."

"మోగితే సరిపోద్దా?"

"ఫోను కదరా."

దుర్గాశ్రీ పడీ పడీ నవ్వింది. "తాతయ్యా, ఇప్పుడు ఫోను కొనేది ఫోను చెయ్యడానికి కాదు," అంది. ఆ మాట నిజమేనని తరవాత తెలిసింది.

కొత్త వస్తువంటే నాకు పడదని కాదు. గెడవేసే పడవకి ఇంజను బిగించినప్పుడు మా రేవులో ముందెక్కింది నేనే. చేతిపంపు స్ప్రేయరు మానేసి పెట్రోలుది భుజానికి తగిలించుకున్నాను. భుజం నొప్పి తగ్గింది, పని జోరందుకుంది. అలాంటివి రావాలి. పనిచేస్తున్నదాన్ని పక్కన పడేసి, అదే పని చేసేదాన్ని ఎగబడి కొనుక్కోవడమే నాకు అంతుబట్టదు. పడవ నడిపే అచ్చిబాబు ఏడాదికో ఫోను మారుస్తాడు. ఏం మారిందిరా అంటే, "కెమెరాలు పెరిగినియ్యండి," అంటాడు. పోయినేడు మూడున్నాయిట, ఈ ఏడు నాలుగు. తీసేది మాత్రం అదే గోదారి, అదే అచ్చిబాబు మొహం.

పాపాయికి ఆ ఫోను చేతికొచ్చిన రోజు మాత్రం నాకు గుర్తుండిపోయింది. ఆమెకి భీమవరంలో ఒక అక్క ఉంది. పేరు చిన్నమ్మాయి. తుంటి విరిగి మంచం మీద ఉంది. వీళ్ళిద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని ఏడాది దాటింది. దుర్గాశ్రీ ఏదో నొక్కి ఫోను నాయనమ్మ చేతిలో పెట్టింది. అందులో చిన్నమ్మాయి వదిన మొహం కనిపించింది. పాపాయి ఫోను అద్దం మీద వేలితో అక్క నుదురు నిమిరింది.

"జుట్టేంటే అలా అయిపోయింది?" అంది.

"నీదేం నల్లగా ఉందా? దీపం పెట్టుకో, సరిగ్గా కనపడట్లేదు," అంది వదిన.

ఇద్దరూ ఒకేసారి ఏడ్చారు. ఆ ఫోనుని నేను ఒక్క మాట కూడా అనలేకపోయాను. అది చేసిన పని నా ఫోను చెయ్యలేదు మరి.

ఆ వరద అరటిని మొత్తం కుళ్ళబెట్టేసింది గానీ, అడుగు మందాన మెత్తని ఒండ్రు పరిచి వెళ్ళింది. భాద్రపదం వెళ్ళాక కొత్త పిలకలు పాతాం, మధ్యలో బెండ వేశాం. పని ఎక్కువైంది. పాపాయి ఇప్పుడు రెండు రింగులివ్వడం మానేసింది. మాటకి వేరే డబ్బులు పడవు కదా, తిన్నగా ఫోనెత్తించి చెప్పేది.

"అన్నానికి రండి."

"ఆఁ."

"మీకోసం ఎవరో వచ్చి కూర్చున్నారు."

"ఆఁ."

అర్థమున్న రింగులన్నీ అలా మాటలైపోయాయి. మధ్యాహ్నప్పూట ఒక్క రింగు మాత్రం రావడం మానేసింది.

మొదట్లో మర్చిపోయిందనుకున్నాను. తరవాత అక్కతో మాటల్లో పడిందనుకున్నాను. ఎండ పడమటికి తిరిగే వేళకి చెయ్యి దానంతటదే జేబు దగ్గరికి పోయేది. ఫోను ఉలకదు పలకదు. నేనే ఒకటి ఇవ్వొచ్చు. ఎప్పుడూ ఆమె ముందిచ్చేది, నేను తిరిగిచ్చేవాణ్ణి. ఇన్నేళ్ళ వరస. ఆమెకే అక్కర్లేనప్పుడు నేనెందుకివ్వాలనిపించింది. కార్తీకం వచ్చేసరికి ఆ వేళకి ఫోను తీసి గట్టు మీద తువ్వాలులో చుట్టి పెట్టేసి, బెండ తోటలో అటు చివరికి పోయేవాణ్ణి.

ఇంట్లో మాట ఇంకా తగ్గింది. ఇదివరకు సాయంత్రం నేను పడవ దిగే వేళకి పాపాయి రేవు మెట్ల మీద కూర్చుని ఉండేది. రావడం మానేసింది. నేను అడగలేదు.

ఒక రాత్రి అన్నాల దగ్గర, ఫోనుని నీళ్ళచెంబుకి ఆనించి పెట్టి అక్కతో మాట్లాడుతోంది. అందులోంచి వదిన నా కంచం వైపు చూసింది.

"మరిదిగారు ఏం కూరేసుకున్నారో? బెండకాయేనా? రోజూ అదేనటగా!"

అందరూ నవ్వారు. నేను చెయ్యి చాపి ఫోనుని బోర్లా పెట్టేశాను.

బోర్లా ఉన్న ఫోనులోంచి "హలో, హలో, ఏమైందే, చీకటైపోయింది," అని వదిన గొంతు వినపడుతోంది. పాపాయి ఫోను తీసుకుని, కంచం వదిలేసి పెరట్లోకి వెళ్ళిపోయింది.

"ఏంటి నాన్నా అది?" అన్నాడు ఉదయభాస్కర్.

చెయ్యి కడుక్కుని లేచాను.

మర్నాడు పడవలో అచ్చిబాబు నా మొహం చూసి, "ఏంటండి, ఇంట్లో వాతావరణం బాలేదా?" అన్నాడు.

"ఇంజను చూసుకో."

"ఆయ్. మా ఇంట్లోనూ అంతేనండి. మా ఆవిడ ఆ ఫోనులో వంటలు చూత్తాదండి. చూసి చూసి కడుపు నిండిపోద్ది కామోసు, వండటం మానేత్తాది." కాసేపాగి మళ్ళీ అందుకున్నాడు. "మీరూ ఓటి కొనేయండి. ఆవిడ అటు తిరిగితే మీరు ఇటు తిరగొచ్చు."

నవ్వు రాలేదు. అచ్చిబాబు పాటలు పెట్టుకున్నాడు.

మార్గశిరం నడుస్తుండగా ఒక సాయంత్రం పాపాయి వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడి చెప్పింది. "అక్క రమ్మంటంది. వెళ్ళి ఉండొస్తాను."

"ఎన్నాళ్ళు?"

"చూడాలి." నా వైపు చూడకుండా అంది. "ఇక్కడ నాకోసం ఎవరాగి ఉన్నారు గనక?"

పుట్టింటికి వెళ్ళినా రెండో రోజుకి పొయ్యి గుర్తొచ్చి వచ్చేసే మనిషి. చూడాలి అందంటే ఎంత దూరం వెళ్ళిందో నాకర్థమైంది. "వద్దు" అనే మాట పెద్దదేమీ కాదు. అయినా రాలేదు.

ప్రయాణం రేపనగా, మధ్యాహ్నం లంకలో ఆయిలింజను బెల్టు తెగింది. ఇంటి దగ్గర పశువుల పాకలో దూలానికి పాతదొకటి వేలాడుతోంది. దానికోసం వచ్చాను. వెనకదారిన వచ్చి పాకలోకి దూరాను. తడికె సందులోంచి పెరటి అరుగు కనిపిస్తుంది. పాపాయి అక్కడ కూర్చుని ఉంది. ఇంట్లో ఇంకెవరూ లేరు. అప్పుడే లేచినట్టుంది, జుట్టు రేగి ఉంది. పక్కన చాప మీద మినప్పప్పు ఎండుతోంది.

ఫోనుని చెంగుతో తుడిచింది. నా నంబరు మీద దుర్గాశ్రీ నా ఫోటో పెట్టింది. ఆ ఫోటో మీద వేలు పెట్టి, చెవి దగ్గర పెట్టుకుంది. ఒక్క రింగు విన్నంతసేపు ఉంచి, నొక్కేసి, ఒళ్ళో పెట్టుకుంది. పెట్టుకుని దానివైపే చూస్తూ కూర్చుంది.

నా జేబులో ఫోను మోగలేదు.

తీసి చూశాను. వెలుగుతూనే ఉంది, టైము చూపిస్తూనే ఉంది. ఏమీ వచ్చిన జాడ లేదు.

కాకి వచ్చి మినప్పప్పు మీద వాలింది. ఎప్పుడూ అల్లంత దూరాన ఉండగానే చెయ్యెత్తే మనిషి, తోలలేదు. ఒళ్ళో ఫోను మీంచి చూపు తియ్యలేదు. కాకి తిన్నంత తిని పోయింది.

కాసేపటికి ఒళ్ళో ఫోను మోగింది. ఆమె చప్పున తీసింది. అక్క.

"ఏంటే మొహం అలా ఉంది? మరిదిగారి అలక తీరలేదా?"

"లేదక్కా. ఈ ఫోను నా చేతికొచ్చిన్నాటి నించీ అంతే. రోజూ నేను రింగిస్తన్నాను, ఆయన తిరిగివ్వట్లేదు. జొరం వచ్చి చేలో పడుకున్న రోజు కూడా మానలేదే ఆయన, ఎప్పుడూ మానలేదు. ఇప్పుడు మానేశాడు."

"నోరు తెరిచి అడగొచ్చుగా?"

"అడిగి తెచ్చుకునేదా అది?"

పాపాయి ముక్కు తుడుచుకుని, "రేపు పొద్దున బస్సుకి వచ్చేస్తన్నాను," అంది.

తడికె దాటితే అరుగు. ఫోను తీసి చూపించి, ఇది మోగలేదే అనాలి. అంత చిన్న మాట. నిలబడ్డాను. తరవాత బెల్టు భుజాన వేసుకుని వచ్చిన దారినే రేవుకి పోయాను. ఆ సాయంత్రం దాకా ఇంజను బాగుచేస్తూనే ఉన్నాను గానీ, ఏ బోల్టు ఎక్కడ బిగించానో తెలీదు.

ఇంటికొచ్చేసరికి దుర్గాశ్రీ గుమ్మం ముందు బట్టలు తీస్తోంది. నా ఫోను ఆమె చేతిలో పెట్టాను.

"దీనికి రింగులు రావట్లేదు."

"వస్తున్నాయి కదా తాతయ్యా, పొద్దున నాన్న చేస్తే ఎత్తావుగా."

"ఒక్క రింగిచ్చి తీసేస్తే రావట్లేదు."

బట్టలు భుజాన వేసుకుని తన ఫోను తీసి నాకు చేసింది. చెవి దగ్గర పెట్టుకుంది. "నాకు మోగుతున్నట్టు వినపడుతోంది. నీది మోగిందా?"

"లేదు."

"ఇప్పుడు?"

అప్పుడు మోగింది.

"అదీ సంగతి. మాకు ముందే మోగినట్టు వినపడుద్ది తాతయ్యా, నీ పాత ఫోనుకి అందేసరికి లేటవుద్ది. లంకలో సిగ్నలు తక్కువ, అక్కడింకా లేటు. ఈలోపు కట్ చేస్తే నీకేమీ రాదు." నా మొహంలోకి చూసింది. "నువ్వూ మార్చెయ్, గొడవొదిలిపోద్ది."

"మారిస్తే వెంటనే మోగుద్దా?"

"ఏమో, గ్యారంటీ ఇవ్వలేను. అయినా ఇంకా రింగులివ్వడం ఏంటి తాతయ్యా? ఎత్తి మాట్లాడుకోవచ్చుగా. ఫ్రీయేగా."

ఫ్రీయే. మాట్లాడటమే నా చేత కానిది.

"నాయనమ్మకి చెప్పకు," అన్నాను.

"ఎందుకు?"

"నేను చెప్తా."

"నువ్వా!" అంది, బట్టలన్నీ ఒక చేత్తో అదిమి పట్టుకుని.

ఆ రాత్రి గుమ్మం పక్కన సంచి సర్ది ఉంది. పాపాయి నాకు వడ్డిస్తూ, "నాగదుర్గకి చెప్పాను, మీకు కారం తక్కువెయ్యమని. పెరుగుకి తోడు మీరే చూసుకోండి," అంది. ఊఁ అన్నాను. పడుకున్నాక కూడా రెండు మూడుసార్లు గొంతు సవరించుకున్నాను. ఆమె అటు తిరిగి పడుకుంది.

మర్నాడు తెల్లారకుండానే లేచాను. మంచు దట్టంగా పట్టేసింది. పాపాయి లేచి కళ్ళాపి జల్లుతోంది. ఆమె పక్కనుంచే నడిచి వెళ్ళాను. చెప్పలేకపోయాను. అచ్చిబాబు మంచులో దారి కోసం వంగి చూస్తూ, ఆ రోజు పాటలు పెట్టకుండా పాయ దాటించాడు.

లంకలో దిగి తోటలోకి నడిచాను. అరటి పిలకల మధ్య నిలబడి ఫోను తీశాను. ఆమె నంబరు నొక్కాను. ఒక్క రింగు అయింది. వేలు ఎర్రబటను మీదికి పోయింది, వెనక్కి తీసుకున్నాను. రెండు, మూడు. ఇంకా మోగనిచ్చాను.

"ఏవండీ! ఏమైందండీ!" అని అరిచింది. ఆమెకి ఆగకుండా మోగడమంటే అదే మరి. "పడ్డారా? పురుగు కుట్టిందా? అబ్బాయిని పంపుతున్నాను, అక్కడే ఉండండి!"

"ఏం కాలేదు."

"మరి?"

"నీ రింగులు నాకు రాలేదు, పాపాయ్. వరద తరవాత ఒక్కటీ రాలేదు. కొత్త ఫోనుల్లో నీకు వినపడ్డాక గానీ నాకు మోగదట. నాకు మోగకుండానే నువ్వు తీసేస్తున్నావు. వస్తే ఇచ్చేవాణ్ణి."

అన్ని మాటలు ఒక్కసారి ఎప్పుడూ అనలేదు నేను. ఫోను తెగిందేమోనని చెవికి ఇంకా అదిమాను. ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

"నేను రోజూ ఇచ్చానండీ," అంది.

"తెలుసు. చూశాను."

ఎప్పుడు చూశారని అడగలేదు.

"భీమవరం వెళ్ళిరా," అన్నాను. "వదిన ఎదురుచూస్తుంది. అక్కడికీ చేస్తాను."

"చేసి?"

"మాట్లాడతాను."

"మీరా!" అంది. ఏడుస్తూనే నవ్వింది. "ఏం మాట్లాడతారు? ఏదీ, ఇప్పుడు మాట్లాడండి చూద్దాం."

చుట్టూ చూశాను. చెప్పడానికి ఏముంది అక్కడ. అయినా ఉన్నది ఉన్నట్టు మొదలుపెట్టాను. మంచు ఇంకా విడలేదన్నాను. అచ్చిబాబు పడవ వెనక్కి పోతోంది, కనపడట్లేదు గానీ చప్పుడు వినపడుతోందన్నాను. తూర్పు వరసలో పిలకలు కొత్త ఆకు విప్పాయి, ఒక దాన్ని మాత్రం పంది తవ్వేసిందన్నాను. ఆమె ఊఁ కొడుతోంది. నాకు ఫోనులోంచి మా వంటింటి చప్పుళ్ళు వినపడుతున్నాయి. గిన్నె మూత ఎగిరెగిరి పడుతోంది. ఆ వెంటనే పొయ్యి మీద చుయ్యిమంది.

"పాలు పొంగుతున్నాయి," అన్నాను.

"పొంగనివ్వండి," అంది. "ఊఁ, తరవాత?"